గోవా ఐరన్‌మ్యాన్ 70.3: ఉద్యోగం చేస్తూ ఆరు నెలల్లో సిద్ధం కావడం సాధ్యమేనా?

కొండాపూర్ రన్నర్ (ప్రశ్న):

అందరికీ నమస్కారం. నాకు 43 ఏళ్లు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను. కొన్నేళ్లుగా పరుగు అలవాటు ఉంది. ఆగస్టులో జరిగే హైదరాబాద్ మారథాన్‌ను ఆ ఫ్లైఓవర్ల ఎత్తుపల్లాలతో సహా పూర్తి చేశాను. ఇప్పుడు గోవాలో 2019లో మొదలైన ఐరన్‌మ్యాన్ 70.3లో, అంటే 1.9 కిలోమీటర్ల సముద్రపు ఈత, 90 కిలోమీటర్ల సైక్లింగ్, 21.1 కిలోమీటర్ల పరుగు ఒకదాని వెంట ఒకటిగా ముగించవలసిన పోటీలో, పాల్గొనాలని గట్టిగా అనుకుంటున్నాను. ఇంకా ఆరు నెలల వ్యవధి ఉంది. ఈత ఈ మధ్యనే నేర్చుకున్నాను. 25 మీటర్ల కొలనులో ఫ్రీస్టైల్ నాలుగు ల్యాప్‌లు వేసేసరికి ఆయాసం వస్తోంది. ఇల్లు, ఉద్యోగం చూసుకుంటూ వారానికి తొమ్మిది గంటలకు మించి కేటాయించలేను. ఆ సమయాన్ని మూడింటి మధ్య ఎలా పంచుకోవాలి? ఒక మిత్రుడు సగం దూరపు ఈ హాఫ్ ఎందుకు, నేరుగా రెట్టింపు దూరముండే పూర్తి ఐరన్‌మ్యాన్‌కే పేరు ఇవ్వమంటున్నాడు. అది సబబేనా? అనుభవజ్ఞులు దయచేసి వివరంగా చెప్పగలరు.

నల్లగండ్ల సైక్లిస్ట్:

నమస్కారమండీ. మీకు పరుగులో పునాది ఉంది కాబట్టి ఆరు నెలలు చాలినంత సమయమే. ముందుగా పోటీ రోజు లెక్క ఒకసారి వేసుకుందాం. వంద మీటర్లకు మూడు నిమిషాల చొప్పున ఈదితే ఈత 57 నిమిషాల్లో ముగుస్తుంది. గంటకు 25 కిలోమీటర్ల సగటుతో సైకిల్ తొక్కితే 3 గంటల 36 నిమిషాలు, కిలోమీటరుకు ఏడు నిమిషాల చొప్పున పరుగెత్తితే 2 గంటల 28 నిమిషాలు పడుతుంది. దుస్తులు, బూట్లు మార్చుకునే ట్రాన్సిషన్లకు పావుగంట కలిపినా మొత్తం 7 గంటల 16 నిమిషాలు అవుతుంది. ఈ దూరానికి సాధారణంగా ఇచ్చే గడువు ఎనిమిదిన్నర గంటలు, అందులో ఈతకు 70 నిమిషాలు. అంటే మీరు వేగంగా ఉండనక్కరలేదు. నెమ్మదిగా, ఆగకుండా, కడుపు చెడకుండా ఏడు గంటలు కదలగలిగితే చాలు.

ఈ లెక్కలోనే మీ మొదటి ప్రశ్నకు జవాబు ఉంది. పోటీలో దాదాపు సగం సమయం సైకిల్ మీదే గడుస్తుంది. కష్టపడి ఈతలో వంద మీటర్లకు అర నిమిషం తగ్గించుకుంటే మొత్తం మీద తొమ్మిదిన్నర నిమిషాలు మిగులుతాయి. అదే సైకిల్ సగటును 25 నుంచి 28కి పెంచుకుంటే 23 నిమిషాలు మిగులుతాయి. పైగా సైకిల్ దిగేసరికి కాళ్లలో ఎంత సత్తువ మిగిలిందన్నదే పరుగును నిర్ణయిస్తుంది. అందుచేత తొమ్మిది గంటల్లో నాలుగున్నర సైకిల్‌కు, రెండున్నర పరుగుకు, రెండు ఈతకు ఇవ్వమని నా సలహా. పరుగు మీకు ఇష్టమైనది కాబట్టి ఆ రెండున్నర గంటలు చాలవనిపిస్తుంది. అయినా పెంచకండి.

ఆదివారం తెల్లవారుజామున అవుటర్ రింగ్ రోడ్డు పక్కన 2023లో తెరిచిన సోలార్ పైకప్పు సైకిల్ ట్రాక్ మీద సుదీర్ఘంగా తొక్కండి. 23 కిలోమీటర్ల ఆ ట్రాక్‌పై లారీల భయం ఉండదు, ఎండ నెత్తికి తగలదు. పక్కనున్న మనిషితో పూర్తి వాక్యాలు మాట్లాడగలిగినంత తేలిక శ్రమతోనే తొక్కాలి. మాట తెగుతోందంటే వేగం తగ్గించాలి. సైకిల్ దిగిన వెంటనే బూట్లు మార్చుకుని 20 నిమిషాలు పరుగెత్తడాన్ని బ్రిక్ అంటారు. తొలి కిలోమీటరులో కాళ్లు బరువెక్కి మొండికేస్తాయి, ఆ స్థితికి శరీరం ముందే అలవాటు పడాలి. కొత్త సైకిల్ కొనే ముందు ఉన్నదానికే బైక్ ఫిట్టింగ్, అంటే మీ శరీరానికి తగ్గట్టు సీటు, హ్యాండిల్ సరిచేయడం, చేయించుకోండి. సీటు ఎత్తు తప్పితే మోకాలు చెబుతుంది.

విశాఖ స్విమ్మర్:

పై లెక్కను కాదనను, కానీ రోజూ సముద్రాన్ని చూసేవాడిగా ఈత విషయంలో ఒక మాట గట్టిగా చెప్పాలి. ఈతలో గంట ఎక్కువా తక్కువా అన్నది తర్వాతి సంగతి. నాలుగు ల్యాప్‌లకే ఆయాసం వస్తోందంటే లోపం ఊపిరితిత్తుల్లో కాదు, నీటిలో ఊపిరి వదలకపోవడంలో ఉంటుంది. ముఖం నీటిలో ఉన్నంతసేపూ ముక్కుతో, నోటితో నెమ్మదిగా గాలి వదులుతూ, తల పక్కకు తిప్పినప్పుడు పీల్చడం మాత్రమే చేయండి. కాళ్లు ఎక్కువగా కొట్టకండి. వారానికి ఒకేసారి రెండు గంటలు ఈదడం కంటే నలభై నిమిషాల చొప్పున మూడుసార్లు దిగడం మేలు. మొదటి రెండు నెలలు సైకిల్ నుంచి ఒక గంట తీసి ఈతకు ఇచ్చినా తప్పులేదు.

సముద్రంలో పట్టుకోవడానికి గోడ ఉండదు, అడుగున నల్లగీత కనిపించదు. కొలనులోనే గోడకు ముందే తిరగడం, ప్రతి ఎనిమిది పది స్ట్రోక్‌లకు ఒకసారి కళ్లు నీటిపైకి తెచ్చి దూరంగా ఒక గుర్తును చూడడం సాధన చేయండి. గోవా నీరు వెచ్చగా ఉంటుంది గనుక చల్లటి నీటిలో వేసుకునే వెట్‌సూట్ కోసం డబ్బు ఖర్చు చేయకండి. మా ఊరు వచ్చి సముద్రంలో సాధన చేయాలనుకుంటే మాత్రం ఒంటరిగా దిగవద్దు. ఆర్కే బీచ్ వద్ద లోపలికి లాగే ప్రవాహాలు ఎన్నో ప్రాణాలు తీశాయి. అలాంటి ప్రవాహంలో చిక్కితే ఒడ్డుకు ఎదురీదకుండా, ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈది బయటపడాలి. తోడుగా అనుభవజ్ఞులు, నడుముకు నీటిపై తేలే రంగు బోయ్, ముందురోజే స్థానిక మత్స్యకారుల సలహా లేకుండా ప్రయత్నించవద్దు.

గుంటూరు డాక్టర్:

మీ వయసు చూసి రాస్తున్నాను. అమెరికాలో 1985 నుంచి 2016 వరకు ట్రయథ్లాన్‌లలో (ఇలా ఈత, సైకిల్, పరుగు కలిసిన పోటీలలో) జరిగిన మరణాలు, గుండె ఆగిన ఘటనలపై జరిగిన అధ్యయనంలో దాదాపు మూడింట రెండు వంతులు ఈత దశలోనే సంభవించినట్లు తేలింది. నలభై దాటిన పురుషుల్లో ప్రమాదం మరింత ఎక్కువ. ఇది భయపెట్టడానికి చెప్పడం లేదు. శిక్షణ మొదలుపెట్టే ముందే ఈసీజీ, రక్తపోటు, షుగర్, కొలెస్ట్రాల్ పరీక్షలు చేయించుకుని, మీ వైద్యుడు అవసరమంటే ట్రెడ్‌మిల్ పరీక్ష కూడా చేయించుకోండి. పోటీ రోజున ఈదుతుండగా ఛాతీ బిగపట్టినా, ఊపిరి అందకపోయినా వెంటనే వెల్లకిలా తిరిగి చేయెత్తండి.

గోవా ఉక్కపోతలో చెమట బాగా పోతుంది. సాధనకు ముందు, తర్వాత బరువు చూసుకోండి. తగ్గిన ప్రతి కిలోకు సుమారు ఒక లీటరు చెమట పోయినట్లు, మధ్యలో తాగినదాన్ని కూడా దానికి కలుపుకోవాలి. అలాగని ఉత్త మంచినీళ్లు అతిగా తాగితే రక్తంలో సోడియం పలచబడి ప్రాణాపాయం కలుగుతుంది. నొప్పి మాత్రలు వేసుకుని పరుగెత్తడం మూత్రపిండాలకు హాని, ఆ అలవాటు అసలే వద్దు.

కొండాపూర్ రన్నర్:

ముగ్గురికీ హృదయపూర్వక కృతజ్ఞతలు. రేపే పరీక్షలకు వెళుతున్నాను. ఇంకొక సందేహం. పోటీలో శక్తి కోసం తినే తీపి జెల్‌లు ఖరీదు ఎక్కువ, వాటి తీపికి నాకు వికారం వస్తుంది. సైకిల్ మీద ఓఆర్ఎస్ ఒక్కటే తాగితే సరిపోతుందా?

గుంటూరు డాక్టర్:

సరిపోదు. ఓఆర్ఎస్ విరేచనాల చికిత్స కోసం రూపొందించినది. లీటరులో సోడియం తగినంత ఉన్నా గ్లూకోజ్ 13.5 గ్రాములే ఉంటుంది. మీకు గంటకు దాదాపు 60 గ్రాముల పిండిపదార్థం కావాలి. ముప్పావు లీటరు నీటిలో 60 గ్రాముల పంచదార, పావు టీస్పూన్ ఉప్పు, నిమ్మరసం కలిపితే ఇంటి పానీయమే అందుకు సరిపోతుంది. పంచదారలో గ్లూకోజ్, ఫ్రక్టోజ్ రెండూ ఉన్నందున పేగు వాటిని వేర్వేరు దారుల్లో గ్రహిస్తుంది. మధ్యలో అరటిపండు తినవచ్చు. మధుమేహం లేదని తేలాకే ఇది మొదలుపెట్టండి.

నల్లగండ్ల సైక్లిస్ట్:

ఆ పానీయాన్ని ప్రతి ఆదివారం సుదీర్ఘ సైక్లింగ్‌లోనే తాగి చూడండి. పేగుకూ శిక్షణ కావాలి, పోటీ రోజున కొత్తగా ఏదీ నోట పెట్టకూడదు.

పూర్తి ఐరన్‌మ్యాన్ సంగతి మొన్న రాయలేదు. 3.8 కిలోమీటర్ల ఈత, 180 కిలోమీటర్ల సైకిల్, ఆపైన మారథాన్‌కు వారానికి తొమ్మిది గంటలు చాలవు. బలవంతాన పెంచితే ముందు నిద్ర, తర్వాత ఇల్లు దెబ్బతింటాయి. మీ మిత్రుడి ఉత్సాహం మంచిదే గానీ ఈ ఏడాది హాఫ్‌తో ఆగండి. మూడో నెల చివరికి కొలనులో ఆగకుండా రెండు కిలోమీటర్లు ఈదగలిగితే గోవాకు టికెట్ తీసుకోండి, లేకుంటే మరుసటి ఏడాది పోటీకి పేరు ఇవ్వండి.