షుగరు రాలేదన్నారు, మరి కొలెస్ట్రాల్ మాత్ర ఎందుకు రాశారు?

ప్రశ్న: బట్టల కొట్టు, పర్లాకిమిడి

వయసు 46. పొద్దున తొమ్మిదికి కొట్టులో గద్దె మీద కూర్చుంటే రాత్రి ఎనిమిదిన్నరకు లేస్తాను. మధ్యలో కదిలేది మీటరు కర్ర పట్టుకున్న చెయ్యి ఒక్కటే. పెళ్ళిళ్ళ బేరాలు తగ్గాక, మా ఆవిడ పోరు పడలేక బరంపురం వెళ్ళి పరీక్షలన్నీ చేయించుకున్నాను. పరగడుపు షుగరు 112, హెచ్‌బీఏ1సీ (మూడు నెలల షుగరు సగటు) 6.1, ట్రైగ్లిజరైడ్లు (రక్తంలోని కొవ్వు) 218, హెచ్‌డీఎల్ (మంచి కొలెస్ట్రాల్) 36, ఎల్‌డీఎల్ (చెడు కొలెస్ట్రాల్) 142, బీపీ 136/88. నడుము నేనే కొలుచుకున్నాను, 98 సెంటీమీటర్లు. టేపు పట్టడంలో నా చేతికి తిరుగులేదు.

"షుగరు ఇంకా రాలేదు, ముందు దశలో ఉన్నారు" అంటూనే డాక్టరు గారు ఈసీజీ తీయించి, కొలెస్ట్రాల్ మాత్ర రాశారు. రాని జబ్బుకు మందేమిటని మా బావమరిది వాదన. వాడి నోరు మూయిద్దామంటే నా దగ్గరా జవాబు లేదు. పక్క కొట్టు ఒడియా ఆయనేమో రోజూ రెండు చెంబుల మాండియా జావు, అంటే రాగి జావ, తాగితే అన్నీ సర్దుకుంటాయంటాడు. ఎవరి మాట వినాలి?

జవాబు: ల్యాబు ఉద్యోగి, రాయగడ

నేను డాక్టరును కాను, మాత్ర జోలికి రాను. అంకెల సంగతి చెబుతాను. పరగడుపున 100 నుంచి 125, హెచ్‌బీఏ1సీ 5.7 నుంచి 6.4 ఉంటే షుగరుకు ముందు దశ. ప్రపంచ ఆరోగ్య సంస్థ పరగడుపు లెక్కను 110 నుంచి మొదలుపెడుతుంది. ఎలా చూసినా మీరు అందులోనే ఉన్నారు.

ఒక్క మాట. మన వైపు సికిల్ సెల్ లక్షణం (ఎర్ర రక్తకణాల్లో వంశపారంపర్యంగా వచ్చే తేడా) ఉన్నవారు తక్కువేమీ కాదు. అలాంటివారికి హెచ్‌బీఏ1సీ తప్పుదారి పట్టించవచ్చు. రక్తహీనత ఉన్నా అంతే. ఇంట్లో ఎవరికైనా ఉంటే డాక్టరుకు చెప్పి, 75 గ్రాముల గ్లూకోజు తాగి రెండు గంటల తర్వాత చేసే పరీక్ష గురించి అడగండి. అందులో 140 నుంచి 199 వస్తే ముందు దశ, 200 గానీ ఆపైన గానీ వస్తే షుగరే.

పరగడుపు అంటే పరగడుపే. "టీ మాత్రమే తాగానండీ" అనేవాళ్ళతో రోజూ నాకు యుద్ధమే.

జవాబు: రిటైర్డ్ నర్సు, జయపురం

షుగరు వచ్చాకే గుండె చెడుతుందని మీ బావమరిది గారి నమ్మకం. కానీ ఒంట్లో ఇన్సులిన్ మాట చెల్లకపోవడం షుగరు అంకె పెరగడానికి ఏళ్ళ ముందే మొదలవుతుంది. పొట్ట చుట్టూ చేరిన కొవ్వు కాలేయానికి చేరుతుంది, కాలేయం ట్రైగ్లిజరైడ్లను రక్తంలోకి వదులుతుంది, మంచి కొలెస్ట్రాల్ పడిపోతుంది. మాట చెల్లక ఒళ్ళు ఎక్కువగా తయారుచేసే ఇన్సులిన్ వల్ల మూత్రపిండాలు ఉప్పును పట్టి ఉంచుతాయి, బీపీ ఎక్కుతుంది.

మగవారికి నడుము 90 దాటడం, ట్రైగ్లిజరైడ్లు 150, బీపీ 130/85, పరగడుపు షుగరు 100 అంతకు మించడం, హెచ్‌డీఎల్ 40కి తగ్గడం: ఈ ఐదింటిలో మూడు ఉంటే చాలు, మెటబాలిక్ సిండ్రోమ్ అంటారు. మీకు ఐదూ ఉన్నాయి. ఈ ముందు దశ ఒక్కటే గుండెజబ్బు ముప్పును పెంచేది సుమారు 15 శాతమని 2020లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన విశ్లేషణ. అదేమీ హడలెత్తించే అంకె కాదు. దాని పక్కన కూర్చున్న మిగతా నాలుగింటినీ, ఎల్‌డీఎల్‌నూ కలిపి చూసి డాక్టరు మందు రాసి ఉంటారు. అడిగితే చెబుతారు, అడగకుండా మానేయకండి. అన్నట్టు, పాన్‌లో జర్దా వేస్తారా? ఆ సంగతి మీరు రాయలేదు.

జావు గురించి: రాగులు మంచివే. కానీ మెత్తటి పిండిని జావగా కాస్తే అందులోని పిండిపదార్థం త్వరగా చక్కెరగా మారి రక్తంలో చేరుతుంది. మధ్యాహ్నం పళ్ళెం నిండా అన్నం తింటూ, పైన రెండు చెంబులు తాగితే లాభమేముంది? అన్నం సగానికి తగ్గించి, ఆ చోటు ఆకుకూరకూ పప్పుకూ ఇవ్వండి.

జవాబు: కిరాణా, గుణుపురం

నాదీ కూర్చునే వ్యాపారమే. 2002లో అమెరికాలో వెలువడిన పెద్ద అధ్యయనంలో బరువు 7 శాతం తగ్గించుకుని, వారానికి 150 నిమిషాలు నడవాలన్నది లక్ష్యం. అలా చేసినవారిలో షుగరు వచ్చే అవకాశం 58 శాతం తగ్గింది. మన దేశపు అధ్యయనంలో తగ్గుదల 28 శాతం చిల్లరే. అది చాలదా? భోజనం కాగానే కునుకు తీయకుండా వంశధార గట్టు దాకా వెళ్ళొస్తాను. మీకు మహేంద్రతనయ నది ఉందిగా.

పర్లాకిమిడి

జర్దా ఉందమ్మా, రోజుకు నాలుగైదు పాన్లు. అదీ మానాలన్నమాట. రాయగడ గారూ, మా పెద్దమ్మ కొడుక్కి సికిల్ సెల్ ఉంది, గ్లూకోజు పరీక్ష గురించి డాక్టరును అడుగుతాను. ఆ నీళ్ళు వాంతి తెప్పిస్తాయంటారు, నిజమా?

రాయగడ

కొందరికి వికారంగా ఉంటుంది. నిమ్మకాయ పిండుకోవచ్చేమో అక్కడి ల్యాబువాళ్ళను అడగండి. ఐదు నిమిషాల్లో తాగేయాలి, ఆ రెండు గంటలూ అక్కడే కూర్చోవాలి. బజారులో తిరగకూడదు, పాన్ అసలు వద్దు.