అప్‌గ్రేడ్ తర్వాత వైఫై పోతే నేరుగా ఫార్మాట్ కొట్టడమేనా?

పెసరట్టు_ఉప్మా:
మా చెల్లిది 11 అంగుళాల బుల్లి ల్యాప్‌టాప్, 4 జీబీ ర్యామ్. విండోస్ బదులు ఉబుంటు (లినక్స్) 20.04 వేసిచ్చాం, తర్వాత 22.04 మీద కూడా బాగానే నడిచింది. మొన్న 24.04కి అప్‌గ్రేడ్ చేశాక వైఫై గుర్తే కనపడట్లేదు, సెట్టింగ్స్‌లోకి వెళ్తే అడాప్టరే లేదంటోంది. ల్యాన్ పోర్టు కూడా లేదు. షాపులో చూపిస్తే ఫార్మాట్ చేయాల్సిందే అన్నారు. సోమవారం నుంచి దానికి ఆన్‌లైన్ క్లాసులు, ఒకటే టెన్షన్. ఫార్మాట్ కొట్టేయమంటారా?

నైట్‌షిఫ్ట్:
కొట్టెయ్ బ్రో. ఇలా ఒకదాని మీద ఒకటి అప్‌గ్రేడ్ చేసుకుంటూ పోవడమంటే పాత గోడ గీకకుండా సున్నం వేయడమే. ఫైళ్లు పెన్‌డ్రైవ్‌లోకి లాగి కొత్తగా వేసుకుంటే ఓ పూటలో పనైపోతుంది.

కన్సోల్_కాకా:
ఆగండాగండి. ఫార్మాట్ చేసి మళ్లీ వేసేది అదే 24.04, అదే 6.8 కెర్నల్ (సిస్టమ్‌కి గుండెకాయ లాంటి ప్రోగ్రామ్), లోపల వైఫై చిప్పూ అదే. ఆ చిప్‌ని నడిపించే డ్రైవర్ కెర్నల్‌లో లేకపోతే ఎన్నిసార్లు తుడిచి వేసినా రాదు. తమ్ముడూ, ముందు టెర్మినల్ తెరిచి ఎల్‌ఎస్‌పీసీఐ -ఎన్‌ఎన్‌కే (lspci -nnk) కొట్టి, నెట్‌వర్క్ కంట్రోలర్ అన్న చోట కింద ఏం రాసుందో ఇక్కడ పెట్టు. ఆర్‌ఎఫ్‌కిల్ లిస్ట్ (rfkill list, వైఫై ఆపేసి ఉందేమో చెప్పే కమాండ్) కూడా చూడు. హార్డ్ బ్లాక్ యెస్ అని ఉంటే గొడవ విమానం బొమ్మ మీట దగ్గరో బయాస్‌లోనో ఉన్నట్టు, డ్రైవర్ జోలికి పోనక్కర్లేదు. ఇంకోటి, బూట్ అయ్యేటప్పుడు గ్రబ్ మెనూలో (దేంతో తెరవాలో ఎంచుకునే తెర) అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లోకి వెళ్తే పాత 5.15 కెర్నల్ ఉండాలి, దాంతో తెరిచి చూడు. అక్కడ వైఫై పనిచేస్తే కార్డు నిక్షేపంలా ఉందన్నమాట. ఈలోగా నెట్ కావాలంటే ఫోన్‌ని కేబుల్‌తో పెట్టి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేస్తే చాలు.

బెజవాడ_బ్యాండ్‌విడ్త్:
దీనికింత రాద్ధాంతమా? వేలెడంత యూఎస్‌బీ డాంగిల్ కొని గుచ్చండి, క్లాసులు వినుకోనివ్వండి పాపం.

కన్సోల్_కాకా:
డాంగిల్ కొనండి, కాదనను, కానీ లోపల ఏ చిప్పుందో చూసి కొనండి సార్. 8812ఏయూ ఉన్నది తెచ్చారనుకోండి, దానికి కెర్నల్‌లో డ్రైవర్ వచ్చిందే 6.8 తర్వాత, ఈ 6.8లో మళ్లీ ఇదే ఏడుపు. కొన్నయితే పెట్టగానే వైఫైగా కాకుండా విండోస్ డ్రైవర్ ఉన్న సీడీ డ్రైవ్‌లా కనపడతాయి. మీడియాటెక్ 7601యూ, 7612యూ ఉన్నవి తేలిగ్గా పనిచేస్తాయి. మొదటిదానికి మాత్రం 5 గిగాహెర్ట్జ్ రాదు.

పెసరట్టు_ఉప్మా:
చూశానన్నా. రియల్‌టెక్ 8821సీఈ అని ఉంది. "కెర్నల్ మాడ్యూల్స్" పక్కన ఆర్‌టీడబ్ల్యూ88_8821సీఈ అని చూపిస్తోంది, "కెర్నల్ డ్రైవర్ ఇన్ యూజ్" అన్న లైను మాత్రం అసలు లేదు. 5.15తో తెరిస్తే వైఫై వచ్చేసింది! 20.04 వేసినప్పుడు మా బావ గిట్‌హబ్ నుంచి ఏదో డ్రైవర్ దింపి ఎక్కించాడు, అదేమైనా అడ్డమా?

కన్సోల్_కాకా:
అదే అడ్డం. 20.04లో మొదట వచ్చిన 5.4 కెర్నల్‌లో ఈ చిప్‌కి డ్రైవర్ లేదు, అందుకని అందరూ బయటి కోడ్ తెచ్చి డీకేఎంఎస్‌తో (కెర్నల్ మారినప్పుడల్లా బయటి డ్రైవర్‌ని మళ్లీ కంపైల్ చేసే టూల్) కట్టుకునేవాళ్లు, మీ బావ చేసింది అప్పటికి కరెక్టే. 5.9 నుంచి కెర్నల్‌కే సొంత డ్రైవర్ వచ్చింది, రెండూ కొట్టుకోకుండా ఆ కెర్నల్ డ్రైవర్‌ని బ్లాక్‌లిస్ట్‌లో (లోడ్ కానివ్వని జాబితా) పెట్టి ఉంటారు. ఇప్పుడు ఆ పాత కోడ్ 6.8 మీద కంపైల్ కాలేదు, పనిచేసేదాన్నేమో బ్లాక్‌లిస్ట్ లేవనివ్వట్లేదు. డీకేఎంఎస్ స్టేటస్ కొట్టి పాతదాన్ని రిమూవ్ చెయ్యి, ఈటీసీలో మోడ్‌ప్రోబ్.డీ ఫోల్డర్‌లో ఆర్‌టీడబ్ల్యూ88 పేరున్న బ్లాక్‌లిస్ట్ లైను తీసెయ్, ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ (బూట్ మొదట్లో లోడయ్యే ఫైలు) అప్‌డేట్ చేసి రీస్టార్ట్ కొట్టు.

నైట్‌షిఫ్ట్:
నేను మొదట్నుంచీ మొత్తుకునేది అదే కదా కాకా! ఫార్మాట్ చేసుంటే ఆ ఫైలే ఉండేది కాదు, వైఫై దానంతటదే వచ్చేది. మీరు ఇన్ని కమాండ్లు కొట్టించి తీసింది పాత చెత్తనే.

కన్సోల్_కాకా:
ఈ చిప్‌కి వచ్చేది, ఒప్పుకుంటా. అదే బ్రాడ్‌కామ్ కార్డున్న పాత ల్యాప్‌టాప్ అనుకో. వాటిలో చాలావాటికి వాడే డబ్ల్యూఎల్ డ్రైవర్‌కి కంపెనీ నుంచి వచ్చిన చివరి వెర్షన్ 2015ది, ఆ తర్వాత ఉబుంటు వాళ్లే ప్యాచ్‌లు వేసి లాక్కొస్తున్నారు. అది ఇన్‌స్టాల్ అప్పుడు థర్డ్ పార్టీ టిక్కు పెడితేనే వస్తుంది. సెక్యూర్ బూట్ (నమ్మకమైన సంతకం లేని డ్రైవర్లని ఆపే సెట్టింగ్) ఆన్‌లో ఉంటే రీస్టార్ట్‌లో వచ్చే నీలం తెరలో పాస్‌వర్డ్ కొట్టి కీ ఎక్కించాలి, చాలామంది అదేదో ఎర్రర్ అనుకుని కంటిన్యూ నొక్కేస్తారు. అప్పుడు పనిచేస్తున్న సిస్టమ్‌ని తుడిచేసి మరీ వైఫై పోగొట్టుకున్నట్టవుతుంది.

సీత_సిస్టమ్స్:
మీ ఇద్దరి పంచాయితీ తేల్చడానికి పెన్‌డ్రైవ్ చాలు కదండీ. 24.04 పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి, ఇన్‌స్టాల్ చేయకుండా ట్రై మోడ్‌లో తెరవండి. అక్కడ వైఫై వస్తే గొడవ పాత సెట్టింగుల్లో ఉంది, అప్పుడు ఫార్మాట్ అయినా సరే, ఫైలు తీసినా సరే. రాలేదంటే ఫార్మాట్ చేయడం ఉత్త దండగ. అసలు నన్నడిగితే 22.04కి 2027 దాకా సెక్యూరిటీ అప్‌డేట్లు ఉన్నాయి, క్లాసుల ముందు అప్‌గ్రేడ్ ఎందుకు పెట్టుకున్నట్టు?

పెసరట్టు_ఉప్మా:
అప్‌గ్రేడ్ నొక్కింది మా చెల్లేనండీ, స్క్రీన్ మీద వచ్చిందట, నొక్కేసింది 😅 కాకా అన్నా, లైను తీసేశాక వైఫై వచ్చింది, థాంక్స్. కాకపోతే కాసేపు ఊరికే వదిలేస్తే నెట్ నిద్రపోతోంది, పేజీ తెరిస్తే మళ్లీ లేస్తోంది.

కన్సోల్_కాకా:
అది పవర్ సేవ్ అయ్యుంటుంది. ఈటీసీలో నెట్‌వర్క్‌మేనేజర్ ఫోల్డర్, అందులో కాన్ఫ్.డీ, దాన్లో వైఫై పవర్‌సేవ్ పేరుతో ఒక ఫైలుంటుంది. 3 అని ఉన్నచోట 2 పెట్టి నెట్‌వర్క్‌మేనేజర్ రీస్టార్ట్ చెయ్యి. బ్యాటరీ కాస్త త్వరగా దిగుతుంది, చెల్లికి ఛార్జర్ దగ్గర పెట్టుకోమను.

నైట్‌షిఫ్ట్:
ఇంకా ఎన్ని ఫైళ్లు తెరిపిస్తావ్ కాకా? 😂