అప్‌డేట్: సాగర్‌నగర్ బీచ్‌లో కనిపించిన తాబేలు

వల చుట్టుకుని ముందు రెక్క కోసుకుపోయిన ఆలివ్ రిడ్లే అనే సముద్రపు తాబేలు కనిపించింది, నీళ్లలోకి తోసేయొచ్చా అని మొన్న అడిగాను కదా. వద్దన్న అందరికీ చాలా థాంక్స్. అది ఊపిరితిత్తులతో గాలి పీల్చే ప్రాణి, నీరసంగా ఉన్నప్పుడు తోసేస్తే పైకి తేలలేక మునిగి చచ్చిపోయేది. అటవీశాఖకు ఫోన్ చేసి, వాళ్లొచ్చేదాకా గంటన్నర సేపు నేనూ, ఒక జాలరి బాబాయీ గొడుగు పట్టి, ముక్కు మూయకుండా డిప్ప మీద తడిగుడ్డ కప్పి కూర్చున్నాం. పచ్చ నైలాన్ తాడు కండలోకి దిగిపోయింది, మీరు లాగొద్దన్నారని ముట్టుకోలేదు, పశువైద్యుడే కత్తిరించారు. కళ్ల నుంచి జిగురు నీళ్లు కారుతుంటే ఏడుస్తోందేమోనని ప్రాణం ఉసూరుమంది, ఒంట్లో ఎక్కువైన ఉప్పు అలా బయటికి పోతుందట. రెక్క నిలుస్తుందో లేదో ఇంకా చెప్పలేదు, టెన్షన్‌గానే ఉంది. నిన్న మాత్రం చేప ముక్క తిందని కబురొచ్చింది!