గ్రాండ్ ఎక్స్ఛేంజ్ ముట్టుకోకుండా ఆడితేనే అసలు ఆటా?

పీతల_వేట:
ఓల్డ్ స్కూల్ రూన్‌స్కేప్ అనే ఆన్‌లైన్ ఆటను మేం నలుగురం మళ్లీ మొదటినుంచి మొదలుపెడుతున్నాం. ఇద్దరం పాతవాళ్లం. మిగతా ఇద్దరూ పేరు వినడమే తప్ప ఎప్పుడూ ఆడలేదు, అందులో ఒకడు డిగ్రీ చదివే కుర్రాడు. అకౌంట్ తెరిచే దగ్గరే తగువు వచ్చింది. మామూలు అకౌంట్, అదే మెయిన్ తీసుకుంటే ఏ ఆటగాడి దగ్గరైనా కొనొచ్చు, ఎవరికైనా అమ్మొచ్చు. ఐరన్‌మ్యాన్ అయితే ఇంకొకరి చేతినుంచి ఒక్క రొయ్య కూడా తీసుకోకూడదు. కత్తి కావాలంటే ఖనిజం తవ్వి కొట్టుకోవాలి, రాక్షసుణ్ని చంపి తెచ్చుకోవాలి, లేదా కంప్యూటర్ నడిపే కొట్లో కొనుక్కోవాలి.

నా ఓటు ఐరన్‌మ్యాన్‌కే. ఎందుకో డ్రాగన్ స్లేయర్ అనే క్వెస్ట్‌తో, అంటే ఆటలోని ఒక సాహసకథతో, చెప్తా. ఎల్‌వార్గ్ అనే డ్రాగన్ ఉండే క్రాండర్ దీవికి దారి చూపే మ్యాపు మూడు ముక్కలుగా ఉంటుంది. ఒక ముక్క డ్వార్వెన్ మైన్‌లో మాయ తలుపు వెనక. ఆ తలుపు తెరుచుకోవాలంటే నాలుగు వస్తువులు కావాలి: లాబ్‌స్టర్ పాట్, కాల్చని మట్టి గిన్నె, పట్టు, విజర్డ్స్ మైండ్ బాంబ్ అనే బీరు. మొదటిది పోర్ట్ సారిమ్ చేపల కొట్లో దొరుకుతుంది. గిన్నెకు బార్బేరియన్ విలేజ్‌లో కుమ్మరి చక్రం ఉంది. పట్టుకు అల్ ఖరీద్ ఎడారి దాకా పోతాం, బీరుకు ఫాలడోర్ రైజింగ్ సన్ సత్రానికి. ఒక్క తలుపు కోసం సగం దేశం తిప్పుతుంది ఆట. మెయిన్‌లో అయితే? వరాక్ గ్రాండ్ ఎక్స్ఛేంజ్ (జీఈ, ఆటగాళ్లందరి ఉమ్మడి బజారు) దగ్గర నాలుగు పేర్లు కొడితే నిమిషంలో సంచిలో ఉంటాయి. క్వెస్ట్ రాసినవాళ్లు మనకు ఊళ్లు చూపిద్దామనుకున్నారు, మనం కిరాణా చీటీ ఇచ్చి సరుకు తెచ్చుకుంటున్నాం.

కాదనేవాళ్లు చెప్పండి.

వరాక్_శెట్టి:
నేను కాదంటాను. ఆ మట్టి గిన్నె జీఈకి ఆకాశంలోంచి పడిందా? ఎవరో మట్టి తవ్వారు, నీళ్లు కలిపారు, చక్రం మీద పెట్టారు. నువ్వు చేయని పనికి ఇంకొకడికి నాలుగు నాణేలు దక్కాయి. ఊళ్లో అందరూ ఎవరి గిన్నె వాళ్లే చేసుకుంటే దాన్ని ఊరనరు.

ఇంకో సంగతి. డబ్బుతో క్వెస్ట్ కొనలేం. డ్రాగన్ సిమిటార్ అనే కత్తి జీఈలో ఎప్పుడైనా దొరుకుతుంది, కానీ మంకీ మ్యాడ్‌నెస్ క్వెస్ట్‌లో కోతుల దీవి మీద విషపు దెబ్బలు తిని రాకపోతే దాన్ని చేత పట్టలేవు. రూన్ ప్లేట్‌బాడీ అనే కవచం కూడా అంతే. ఎంత ఉన్నవాడైనా ఎల్‌వార్గ్‌ను చంపేదాకా అది బ్యాంకులో మూలుగుతుంది. ఫైర్ కేప్ అమ్మకానికే లేదు, వేవ్‌లుగా మీదపడే రాక్షసులందరినీ దాటి చివరి, 63వ వేవ్‌లో జాడ్ అనేవాణ్ని పడగొట్టినవాడి వీపు మీదే ఉంటుంది. ఆట కట్టినవాళ్లు ఏది బజారుకు వదలాలో, ఏది వదలకూడదో బాగానే చూసుకున్నారు.

వ్యాపారం ఆట కాదనేవాళ్లు ఒక నెల ఫ్లిప్పింగ్, అంటే తక్కువకు కొని ఎక్కువకు అమ్మడం, చేసి చూడండి. ఒక్కో సరుకు నాలుగు గంటల్లో ఇంతకు మించి కొనకూడదని లిమిట్. ఒకేసారి పెట్టుకోగల బేరాలు, అంటే స్లాట్లు, డబ్బు కట్టి ఆడే మెంబర్‌కు 8, ఉచితంగా ఆడేవాడికి 3. అమ్మిన దాదాపు ప్రతిదాని మీదా పన్ను. 2021 డిసెంబరులో 1 శాతంతో మొదలుపెట్టి, 2025లో 2 శాతం చేశారు. అంటే కొన్న ధరకూ అమ్మిన ధరకూ మధ్య రెండు శాతం కన్నా తేడా లేకపోతే నువ్వు చేసింది వ్యాపారం కాదు, దానం. బుధవారం అప్‌డేట్‌లో ఏ బాస్ (పెద్ద రాక్షసుడు) వస్తుందో ముందే ఊహించి, దానికి ఏ మందు, ఏ బాణం పనికొస్తుందో లెక్కవేసి సరుకు దించుకోవడంలో ఉన్న టెన్షన్ ఏ డ్రాగన్ దగ్గరా లేదు నాకు.

పాత_కాపు:
ఇద్దరూ జీఈ పుట్టుకతోనే ఉందన్నట్టు మాట్లాడుతున్నారు. కాస్త వెనక్కి వెళ్దాం.

రూన్‌స్కేప్ 2001 జనవరిలో వచ్చింది. జీఈ 2007 నవంబరులో. మధ్యలో దాదాపు ఏడేళ్లు వరాక్, ఫాలడోర్ బ్యాంకుల ముందు నిలబడి నోటితో, అంటే టైపుచేసి, అరుస్తూ అమ్ముకున్నాం. ధర ఎంతో ఎవరికీ సరిగ్గా తెలీదు. బేరం కుదిరిందనుకుని, దాన్ని ఖరారు చేసే రెండో స్క్రీన్ చూడకుండా ఓకే కొట్టినవాళ్లు బట్టలతో సహా మోసపోయేవాళ్లు. శెట్టి ఇప్పుడు చేసేది స్లాట్లలో అంకెలు నింపడం. వ్యాపారమంటే అప్పటిది.

2007 చివర, 2008 మొదట్లో ఆట నడిపే జాజెక్స్ కంపెనీ, ఆట బంగారాన్ని అసలు డబ్బుకు అమ్మేవాళ్లను ఆపడానికి ఇంకో పని చేసింది. ఆటగాళ్ల మధ్య విలువ సరిపోని లావాదేవీలకు పరిమితి పెట్టింది, వైల్డర్‌నెస్ అనే ప్రాంతంలో ఆటగాళ్లు ఒకరినొకరు చంపుకునే పాత పోట్లాటను తీసేసింది. స్నేహితుడికి మంచి కవచం ఊరికే ఇద్దామన్నా వీల్లేకపోయింది. జనం గోల గోల. 2011 ఫిబ్రవరిలో, ఓటు పెట్టించి, రెండూ తిరిగి తెచ్చారు. కాబట్టి "వర్తకం తీసేస్తే ఆట బాగుపడుతుంది" అనే మందును ఒకసారి అందరికీ బలవంతంగా తాగించి చూశారు. ఎవరూ థాంక్స్ చెప్పలేదు.

ఓల్డ్ స్కూల్ 2013 ఫిబ్రవరిలో 2007 ఆగస్టు నాటి బ్యాకప్ మీద మొదలైంది కాబట్టి అందులో జీఈ లేదు. ఐరన్‌మ్యాన్ మోడ్ 2014 అక్టోబరులో వచ్చింది. జీఈ 2015 ఫిబ్రవరిలో, అదీ ఓటింగ్‌లో నెగ్గాకే. వరస చూడండి. ఐరన్‌మ్యాన్ జీఈ మీద కోపంతో పుట్టింది కాదు, దానికన్నా ముందే పుట్టింది. బ్యాంకు ముందు నిలబడి గొంతు పోయేలా అరవడం ఇష్టం లేనివాళ్లకూ అది నచ్చింది.

పీతల_వేట:
కాపు గారూ, వరస ఒప్పుకుంటా. కానీ అందరికీ బలవంతంగా పెట్టడం వేరు, నాకు నేను పెట్టుకోవడం వేరు. నేనడిగేది రెండోది. ఎవరి అకౌంట్‌నీ మార్చమనట్లేదు కదా.

కరెంటు_కోత:
చిన్న మాట. ఐరన్‌మ్యాన్ తీసుకున్నా హార్డ్‌కోర్ జోలికి మాత్రం వెళ్లకండి. ఒక్క ప్రాణం, పోతే మామూలు ఐరన్‌మ్యాన్ అయిపోతారు. మా ఏరియాలో ఎండాకాలం సాయంత్రాలు ఎలా ఉంటాయో తెలుసుగా. బాస్ ముందు నిలబడి ఉండగా వైఫై లైటు ఎర్రబడితే ఆ చావు నీ చేతకానితనం ఖాతాలోకే వెళ్తుంది. పింగ్ (సర్వర్‌కు చేరే ఆలస్యం) గురించి భయపడేవాళ్లకు: ఆట 0.6 సెకన్ల టిక్ మీద నడుస్తుంది, యూరప్ సర్వర్లలో కూడా మన దగ్గర్నుంచి క్వెస్ట్‌లు హాయిగా ఆడొచ్చు. కరెంటుకే మందు లేదు.

రాత్రి_షిఫ్ట్:
నేను ఆసుపత్రిలో రాత్రి డ్యూటీలు చేస్తాను. 2018లో మొబైల్ వెర్షన్ రాకపోతే ఈ ఆట నా జీవితంలో ఉండేది కాదు. నాకు దొరికేది విరామంలో కాసేపు. ఆ కాసేపట్లో పట్టుకోసం అల్ ఖరీద్ పరిగెత్తాలా, కథ చూడాలా? నేను కథ చూస్తాను. కావలసినవి జీఈలో కొనేసి క్వెస్ట్‌లోకి దిగుతాను. పీతల_వేట తమ్ముడూ, "రాసినవాళ్లు ఊళ్లు చూపిద్దామనుకున్నారు" అన్నావు, వాళ్లు మాటలు కూడా రాశారు. ఐరన్‌మ్యాన్‌లలో స్పేస్‌బార్ నొక్కి డైలాగులన్నీ దాటేసేవాళ్లను ఎంతమందిని చూపించమంటావు?

ఇంకొకటి ఎవరూ ఎత్తట్లేదు, డబ్బు. మెంబర్‌షిప్ లేకపోతే మంచి క్వెస్ట్‌లలో చాలావరకు తెరుచుకోవు. మెయిన్ అకౌంట్‌లో సంపాదించిన బంగారంతో జీఈలో బాండ్ కొని 14 రోజుల మెంబర్‌షిప్ పొందొచ్చు. ఐరన్‌మ్యాన్‌ను కూడా జీఈలో బాండ్ ఒక్కటి కొననిస్తారు, కానీ ఆటగాళ్లకు సరుకు అమ్ముకోలేడు కాబట్టి అంత బంగారం పోగవడం కష్టం, అప్పటిదాకా జేబులోంచి అసలు డబ్బే కట్టాలి. ఉద్యోగం ఉన్నవాళ్లకు ఫర్వాలేదు. మీ డిగ్రీ కుర్రాడు వాళ్ల నాన్న కార్డు అడగాలా?

వరాక్_శెట్టి:
అక్క మాట నిజమే, కానీ కుర్రాడికి ఆశ పెట్టొద్దు. ఉచిత అకౌంట్‌లో బాండ్‌కు సరిపడా సంపాదించడం నెమ్మది పని. పైగా మొదట్లో ఆంక్షలు ఉంటాయి. 20 గంటల ఆట, 10 క్వెస్ట్ పాయింట్లు, మొత్తం లెవెల్ 100 పూర్తయ్యేదాకా కొన్ని సరుకులు అమ్మనివ్వరు. మొదటి బాండే కష్టం. మెంబర్ అయ్యాక ఒక్క బాస్ నేర్చుకుంటే తర్వాతివి వాటంతట అవే వస్తాయి.

గాజు_ఊదేవాడు:
చాలాకాలంగా ఐరన్‌మ్యాన్ ఆడుతున్నాను. రెండు పక్కలా చెప్పేది వింటే నవ్వొస్తోంది. ఐరన్‌మ్యాన్ అంటే వర్తకం మానేసిన సన్యాసి అనుకుంటున్నారు. ఆటలో నాకన్నా ఎక్కువగా కొట్ల చుట్టూ తిరిగేవాడు ఉండడు.

క్రాఫ్టింగ్ లెవెల్ పెంచాలంటే గాజు ఊదాలి. గాజుకు ఇసుక, సోడా యాష్ కావాలి. రెండూ చార్టర్ షిప్ మనుషుల దగ్గర అమ్ముతారు, కానీ కొట్లో ఉండేది కొద్ది సరుకు, కొన్నకొద్దీ ధర పెరుగుతుంది. ఏం చేస్తాం? కొంచెం కొని, వేరే వరల్డ్‌కు, అంటే ఆట నడిచే ఇంకో సర్వర్‌కు, మారి, అక్కడ కొంచెం కొని, మళ్లీ మారి. ఈకలు కావాలంటే పోర్ట్ సారిమ్‌లో ఇదే తంతు. మెయిన్ వాడు జీఈలో ఒక్క క్లిక్‌తో ముగించే బేరాన్ని నేను కంప్యూటర్ నడిపే దుకాణదారుతో వారాల తరబడి చేస్తాను. వాడు తిరిగి బేరమాడడు, కబుర్లు చెప్పడు.

అయినా ఎందుకు ఆడుతున్నానంటారా? పోరాటంలో ప్రార్థన శక్తిని తిరిగి నింపే ప్రేయర్ పోషన్ కోసం. దానికి రనార్ ఆకు, స్నేప్ గ్రాస్ కావాలి. రనార్ విత్తనాల కోసం డ్రేనోర్ సంతలో మాస్టర్ ఫార్మర్ జేబు కొట్టాలి, అందుకు థీవింగ్ లెవెల్ 38. పట్టుబడితే దెబ్బ, కాసేపు స్పృహ ఉండదు, తినడానికి చేప ఉండాలి, ఆ చేపా నేనే పట్టాలి. దొరికిన విత్తనం నాటి, కంపోస్ట్ వేసి, తెగులు సోకకుండా దండం పెట్టుకుని, కోసి, అప్పుడు పోషన్ కాచాలి. మెయిన్‌లో ప్రేయర్ పోషన్ అంటే ఒక ధర. నాకది మూడు నైపుణ్యాలు, ఒక దొంగతనం. బాస్ దగ్గర ఒక్క గుటక ఎక్కువ తాగితే ప్రాణం ఉసూరుమంటుంది.

అదొక్కటే తేడా. మొదట్లో డ్రాగన్ స్లేయర్ స్థాయిలో ఈ తేడా పెద్దగా లేదు, పీతల_వేట చెప్పిన తిరుగుడు ఒక్క సాయంత్రం పని. చివర్లో, శెట్టి చెప్పిన ఫైర్ కేప్ లాంటివి, ఇద్దరికీ ఒకటే. మధ్యలో ఉండే పెద్ద భాగం ఉందే, అక్కడే ఐరన్‌మ్యాన్‌కు ప్రతి చెట్టూ, ప్రతి కొట్టూ పనికొస్తుంది, మెయిన్‌కు అదంతా ఖాళీగా కనిపిస్తుంది. ఆ మధ్యభాగం నచ్చేవాడు ఐరన్‌మ్యాన్ ఆడాలి. నచ్చనివాడు ఆడితే నెలలోపు మానేస్తాడు, తప్పు వాడిది కాదు.

పాత_కాపు:
ఇది బాగా చెప్పారు. ఒక్కటి కలుపుతా. మెయిన్‌కు ఆ మధ్యభాగం ఖాళీగా కనిపించడానికి బాట్‌లు కూడా కారణం. చెట్లు కొట్టే, చేపలు పట్టే ప్రోగ్రాములు పగలూ రాత్రీ సరుకు దించుతుంటే కొత్తవాడి కట్టెలకు విలువేముంటుంది? కవచాల ధరలకైనా హై ఆల్కెమీ మంత్రం కొంత ఆసరా. దాదాపు ఏ వస్తువునైనా దాని విలువలో 60 శాతానికి నాణేలుగా మారుస్తుంది కాబట్టి ధర దానికన్నా మరీ కిందికి పోదు. కట్టెలకు ఆ ఆసరా కూడా అంతంతమాత్రమే. అట్లని అమ్మడానికి ఆట బంగారం పోగుచేసేవాళ్లందరూ ప్రోగ్రాములు కాదు. 2017 ప్రాంతంలో వెనెజువెలాలో కరెన్సీ కుప్పకూలినప్పుడు అక్కడి కుర్రాళ్లు ఇందులో గ్రీన్ డ్రాగన్‌లను చంపి బంగారం అమ్ముకుని ఇంటికి బియ్యం కొన్నారని వార్తలొచ్చాయి. నిబంధనల ప్రకారం అది తప్పే. వాళ్లను తిట్టడానికి నాకు నోరు రాదు.

రాత్రి_షిఫ్ట్:
నా అసలు అభ్యంతరం ఇంకా అలాగే ఉంది. నలుగురు స్నేహితులు ఆడేది కలిసి ఆడటానికి. విడివిడిగా ఐరన్‌మ్యాన్‌లు అయితే ఒకడి దగ్గర వంద చేపలుండి పక్కవాడు ఆకలితో చస్తున్నా ఒకటి ఇవ్వలేడు. అదేం స్నేహం?

గాజు_ఊదేవాడు:
అక్కా, దానికే 2021 అక్టోబరులో గ్రూప్ ఐరన్‌మ్యాన్ తెచ్చారు. ఇద్దరి నుంచి ఐదుగురి దాకా ఒక గుంపు. గుంపులో ఇచ్చిపుచ్చుకోవచ్చు, ఉమ్మడి స్టోరేజ్ ఉంటుంది, బయటివాళ్లతో మాత్రం ఏమీ కుదరదు. నలుగురికి సరిగ్గా సరిపోతుంది. ఒకరు పంట, ఒకరు వేట, ఒకరు కమ్మరం. శెట్టి అడిగిన ఊరు కూడా అదే.

ఇంకో లెక్క: ఐరన్‌మ్యాన్‌గా మొదలుపెట్టినవాడు విసుగొస్తే మామూలు అకౌంట్‌గా మారిపోవచ్చు. మెయిన్‌గా పెరిగినవాడు ఐరన్‌మ్యాన్ కాలేడు. అనుమానం ఉంటే ఏ వైపునుంచి మొదలుపెట్టాలో దీన్నిబట్టే తెలుస్తుంది.

వరాక్_శెట్టి:
ఉమ్మడి స్టోరేజ్ అంటే ఉమ్మడి కుటుంబమే. రనార్ అంతా ఒకడు కాచి తాగేస్తే పంచాయితీ ఎవరు చేస్తారు? మా దగ్గర ధర ఉంటుంది, అలకలు ఉండవు.

పీతల_వేట:
మా వాళ్లతో మాట్లాడా. ముగ్గురం గ్రూప్ ఐరన్‌మ్యాన్. డిగ్రీ కుర్రాడు మెంబర్‌షిప్ లెక్క విన్నాక మెయిన్ తీసుకుంటానన్నాడు. రాత్రి_షిఫ్ట్ అక్క చెప్పిన బాధ వాడితో ఉంటుంది, పక్కనే నిలబడి ఉన్నా మాకు ఒక రొట్టె ఇవ్వలేడు. క్వెస్ట్ పేరు ఒకటే పెట్టుకుని ఎవరి దారిలో వాళ్లు చేసి, శనివారం కబుర్లు చెప్పుకుందామని ఒప్పందం. మాస్టర్ ఫార్మర్ జేబు ఎవరు కొట్టాలన్నది మాత్రం ఇంకా తేలలేదు, ముగ్గురం ఒకరినొకరం చూపించుకుంటున్నాం.

వరాక్_శెట్టి:
ఆ కుర్రాణ్ని నా దగ్గరికి పంపు. జీఈలో అడుగుపెట్టగానే "నీ డబ్బు ఇవ్వు, రెట్టింపు చేసిస్తా" అని అరిచేవాళ్లు కనిపిస్తారు. వాళ్లెవరికీ ఒక్క నాణెం కూడా ఇవ్వొద్దని ఇప్పుడే చెప్పు. మిగతాది నేను నేర్పిస్తా.