పెళ్లికి ఎకరం అమ్మడం పరువు సంగతా, డబ్బు సంగతా?

హన్మకొండ పీజీ:
ఎంఏ సోషియాలజీ ఫస్టియర్. సెమినార్‌కి జర్మన్ సోషియాలజిస్టు మాక్స్ వెబర్ రాసిన 'వర్గం, హోదా, పార్టీ' నా మెడకు పడింది. వర్గం వరకు ఓకే, మార్కెట్లో ఎవరి చేతిలో ఏముందన్న లెక్క. హోదా దగ్గరే ఆగిపోయా. పరువు మనసులో ఉండేది కదా, దాన్ని తీసుకొచ్చి అధికారం లెక్కలో ఎందుకు కలిపాడు? మా జనగామ వైపు ఒకాయన బిడ్డ పెళ్లికి ఎకరం అమ్మాడు, ఎందుకంటే 'నలుగురిలో తలెత్తుకోవద్దా' అన్నాడు. తిప్పి తిప్పి చూస్తే ఇది డబ్బు ముచ్చటే అనిపిస్తోంది.

కాజీపేట జంక్షన్:
డబ్బు ముచ్చటే. 1899లోనే అమెరికా ఆర్థికవేత్త వెబ్లెన్ చెప్పాడు, సంపద ఉంటే సరిపోదు, ఉందని నలుగురికీ కనబడాలి, అందుకే ఆ దుబారా అని. డ్రోన్ కెమెరా లేని పెళ్లి ఈమధ్య ఎక్కడైనా చూశావా?

పాత పుస్తకాలు:
పెళ్లి ఖర్చుకైతే వెబ్లెన్ సరిపోతాడు గానీ పైసా ఖర్చు లేని చోట ఏం చేస్తాడు? ఇంటికొచ్చి బొట్టు పెట్టి పిలవలేదు, ఫోన్లో చెప్పి వదిలేశారని మా పెద్దబాపు సొంత తమ్ముడి బిడ్డ పెళ్లికి పోలేదు, చేయించిన ఉంగరం మాత్రం పెద్దమ్మ చేత పంపించాడు. ఆయనకు పోయింది రూపాయి కాదు, వాళ్లు ఇవ్వాల్సింది ఇవ్వలేదు, అంతే. వెబర్ మాట కూడా అదే: హోదా నీ లోపల ఉండదు, ఎదుటివాళ్లు నిన్ను ఎంతలో పెడతారన్నదే హోదా. ఇవ్వడం, ఆపడం వాళ్ల చేతిలో ఉంది కాబట్టే అది అధికారం. దాన్ని కాపాడుకోవడానికి గుంపు ఎక్కడ గీత గీస్తుందో కూడా చెప్పాడు, ఎవరితో కూర్చుని తింటాం, ఎవరికి పిల్లనిస్తాం అన్న దగ్గర. ఆ గీత పూర్తిగా బిగిసిపోతే కులం అవుతుందని ఆయనే రాశాడు. కొత్తగా డబ్బు చేసినవాడిని పాత గొప్పోళ్లు తమలో కలుపుకోరట, తమ పద్ధతుల్లో పెరిగిన వాడి పిల్లల్నైతే కలుపుకుంటారట! మన దగ్గర రియల్ ఎస్టేట్‌లో పైకొచ్చినవాళ్లను అడుగు, కథలు కథలుగా చెబుతారు.

హన్మకొండ పీజీ:
సరే, మరి మనసు పాత్రే లేదంటారా? ఎవరూ చూడకపోయినా సిగ్గుపడతాం కదా.

ఎంఫిల్ వదిలేసిన వాడు:
దానికి జిమ్మెల్ చదువు, ఆయనా జర్మన్ సోషియాలజిస్టే, 1908 పుస్తకం. చట్టం బయటి నుంచి శిక్షిస్తుంది, నీతి లోపలి నుంచి పొడుస్తుంది, ఈ రెండింటి మధ్యలో ఉండేది గౌరవం అంటాడు. కుటుంబం, వృత్తి, సైనికాధికారుల్లాంటి చిన్న గుంపులు తమ మనుషుల్ని పట్టి ఉంచుకునేది దీనితోనే, నువ్వేమో అది నీ సొంత పౌరుషం అనుకుంటూ ఉంటావు. పరువు హత్యల్ని కూడా ఇట్లా చూడొచ్చు. కొడుకు తాగి ఊరంతా అప్పులు చేసినా తలదించుకుని ఊరుకునే ఇల్లు బిడ్డ వేరే కులం అబ్బాయిని చేసుకుంటే కత్తి పట్టుకుంటుంది, ఎందుకంటే గుంపు గీత గీసుకున్నదే పెళ్లి దగ్గర. ప్రేమ ఎక్కువై చంపారని టీవీలో చెప్పేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. అంతస్తులు చెరిగేకొద్దీ ఇలాంటి గౌరవ నియమాలు పలచబడతాయని 1840లో ఫ్రెంచ్ రచయిత టోక్విల్ అన్నాడు, అమెరికాను చూసి. కులం చెరగని చోట అవి పలచబడాలని ఎందుకు ఎదురుచూడాలి?

సెమినార్‌లో ఎకరం సంగతి వెబ్లెన్‌తో మొదలుపెట్టి, ఆ ఫోన్ పిలుపు దగ్గర వెబర్‌కు మారు. పార్టీ, అంటే అధికారం కోసం కూడగట్టుకున్న గుంపు, దాని గురించి కూడా రెండు ముక్కలు రాసుకో, అందరూ వదిలేసేది అదే, సార్లు అడిగేదీ అదే.