స్థావరం ద్విపదం చైవ: ద్విపదమా, ద్విపాదమా?

తాటాకు: ఒక శ్లోకం ముక్క మూడు రోజులుగా నన్ను వదలడం లేదు. "స్థావరం ద్విపాదం చైవ యద్యపి స్వయమార్జితమ్" వరకు వచ్చి ఆగిపోతున్నాను. పొలం పంపకాల మాట వచ్చినప్పుడల్లా మా తాతగారు చదివేవారు.

ఎందుకు గుర్తొచ్చిందంటే, మేముండేది వర్జీనియాలో. పిల్లలతో అమెరికా మొదటి అధ్యక్షుడు జార్జి వాషింగ్టన్ ఇల్లు మౌంట్ వెర్నన్ చూసొచ్చి, ఆయన 1799లో తయారుచేసిన బానిసల జాబితా చదివాను. మొత్తం 317 మంది. అందులో 123 మంది ఆయన సొంతం. 153 మంది 'డోవర్', అంటే ఆయన భార్య మార్తాకు మొదటి భర్త కస్టిస్ ఆస్తిలోంచి వంతుకు వచ్చినవాళ్లూ, వాళ్ల సంతానమూ. మిగతావాళ్లు బాడుగకు తెచ్చుకున్నవాళ్లు. పేరు, పని, వయసు. మన పంపకాల కాగితాల్లో 'ఎద్దులు జత, పాడిగేదె ఒకటి' అని రాసినట్టే ఉంది. భర్త ఒక వరసలో ఉంటే భార్య ఇంకో వరసలో, పిల్లలు తల్లి వరసలో. మా పెద్దమ్మాయికి చెప్పబోతే 'డోవర్ బానిసలు' అనడానికి తెలుగు మాట తట్టలేదు. శ్లోకం పూర్తి చేయండి, ఆ మాట కూడా చెప్పండి.

గురులఘువు: ద్విపాదం కాదండీ, ద్విపదం. "శ్లోకే షష్ఠం గురు జ్ఞేయం సర్వత్ర లఘు పంచమమ్" కదా. వేళ్ల మీద లెక్కపెట్టండి: స్థా, వ, రం, ద్వి, ప. ఐదోది లఘువు. 'పా' అన్నారంటే అక్కడే కుంటుతుంది. మిగతా సగం: "అసంభూయ సుతాన్ సర్వాన్ న దానం న చ విక్రయః". యాజ్ఞవల్క్యస్మృతి వ్యాఖ్య మితాక్షరలో, దాయవిభాగంలో, అంటే ఆస్తి పంపకాల భాగంలో ఉంది. తాను సంపాదించినవే అయినా భూమినీ ద్విపదాన్నీ (రెండు కాళ్లవాటిని, అంటే దాసదాసీలను) కొడుకులందరినీ కూర్చోబెట్టకుండా దానం ఇవ్వకూడదు, అమ్మకూడదు.

మాగాణి: 'స్వయమర్జితమ్' అని కూడా పాఠం ఉంది. 'మ' అన్నా 'మా' అన్నా అక్కడ గురువే కాబట్టి మీ ఛందస్సు ఈ తగువు తీర్చదు. దస్తావేజుల్లో మనం రాసే 'స్వార్జితం' కూడా తీర్చదు; స్వ + అర్జితం అన్నా, స్వ + ఆర్జితం అన్నా సంధిలో అదే వస్తుంది.

గురులఘువు: ఒప్పుకుంటున్నాను. కానీ తగువు ద్విపదం దగ్గర, ఇక్కడ కాదు.

కృష్ణాతీరం: ఆ అర్థం ఎలా వచ్చిందో ఎవరూ ఎత్తలేదే! రోజూ "శం నో అస్తు ద్విపదే, శం చతుష్పదే" అంటాం. అక్కడ ద్విపదం అంటే మనుషులందరూ. దాయవిభాగంలోకి వచ్చేసరికి దాసదాసీలే ఎలా అయ్యారు?

మాగాణి: మనుషులందరూ పంపకానికి రారు కనుక. 1810లో కోల్‌బ్రూక్ మితాక్షర దాయవిభాగాన్ని ఇంగ్లీషు చేసినప్పుడు కూడా 'రెండు కాళ్లవి' అనే మాటే పెట్టాడు. మనుషులని అనలేదు, బానిసలని అనలేదు. ఇంకో సంగతి. వర్జీనియాలో 1705 చట్టం బానిసలను స్థావరాస్తి కింద లెక్కగట్టింది. నడిచే మనిషిని పొలంతో కలిపి కట్టేశారు. ఈ శ్లోకంలోనూ స్థావరం పక్కన ఉన్నది ద్విపదమే, చూశారా?

పాలకుర్తి పిల్లవాడు: ద్విపద అనగానే నా ప్రాణం ద్విపద ఛందస్సులో బసవపురాణం రాసిన పాలకురికి సోమన దగ్గరికి పోతుంది. జానుతెనుగు సర్వసామాన్యమని, అందరూ పాడుకోవాలని ఆ ఛందస్సు పట్టుకున్నాడు. ఇక బసవన్న స్థావరానికి చేటుంది, జంగమానికి లేదన్నాడు. అక్కడ జంగమం అంటే నడిచే శివుడు. ఇక్కడ నడిచే ఆస్తి. ద్విపదకు సోమనలా ఇంత ఎత్తు చూపించిన కవి మనకు ఇంకొకడు లేడు. నన్నయ అభిమానులు ఏమనుకున్నా సరే.

కృష్ణాతీరం: నన్నయను ఎందుకు లాగుతారండీ? మన కథకు దగ్గరగా ఉన్నది ఆదిపర్వమే. వినత పందెం ఓడి కద్రువకు దాసి అయితే, ఏ పందెమూ కాయని గరుత్మంతుడు పాములను మోశాడు. తల్లి దాస్యం కొడుకు వీపు మీదికొచ్చింది. 1662 వర్జీనియా చట్టం చెప్పిందీ అదే: బిడ్డకు తల్లి స్థితే వస్తుంది.

తాటాకు: గరుత్మంతుడి మాట నాకు తట్టనే లేదు. పిల్లలకు ఈ దారిలోనే చెబుతాను. నా రెండో ప్రశ్న మాత్రం అలాగే ఉంది.

గురులఘువు: నారదస్మృతి పదిహేను రకాల దాసుల్లో "దాయాదుపాగతః" అని ఒకణ్ణి చెప్పింది, దాయంగా, అంటే వారసత్వంగా వచ్చినవాడు. 'దాయాగత దాసులు' అనండి.

మాగాణి: చాలదు. డోవర్ అంటే వితంతువు వంతు. మార్తాకు జీవితకాలం అనుభవించే హక్కే తప్ప అమ్మే హక్కు లేదు, విడిపించే హక్కూ లేదు. వాషింగ్టన్ వీలునామా తన వాళ్లను విడిపించగలిగింది, ఆ 153 మందిని తాకలేకపోయింది. 1802లో ఆమె పోయాక వాళ్లు నలుగురు మనవల పంపకంలోకి వెళ్లారు.

పాలకుర్తి పిల్లవాడు: 'అరణపు దాసులు' అంటే?

మాగాణి: అరణం పుట్టింటివారు ఇచ్చేది. ఇది మొదటి మొగుడి ఆస్తి. పొసగదు.

తాటాకు: అరణం ఒకరి విషయంలో పొసుగుతుందండీ. ఓనా జడ్జ్ అనే అమ్మాయి. ఆమె తల్లి బెట్టీ డోవర్ మనిషి, కాబట్టి ఓనా కూడా అంతే. మార్తా తన మనవరాలి పెళ్లికి ఓనాను కానుకగా ఇవ్వబోతోందని తెలిసి, 1796 మే 21న ఫిలడెల్ఫియాలో ఇంట్లోవాళ్లు రాత్రి భోజనం చేస్తుండగా బయటికి నడిచి, మళ్లీ రాలేదు. న్యూహాంప్‌షైర్ చేరి, ఒక నావికుణ్ణి పెళ్లాడింది. ముగ్గురు పిల్లలు. చట్టం లెక్కలో ఆ పిల్లలు కూడా కస్టిస్ వారసుల ఆస్తే. 1848లో పోయేదాకా ఆమెకు విడుదల కాగితం రాలేదు.

గురులఘువు: అయితే తల్లికి ఒక మాట, కూతురికి ఇంకో మాట కావాలి. 'దాయాదుపాగత'లో దు దగ్గర సంధి విడదీసి చూడండి, దాయాత్ + ఉపాగత. దాయాదుల ప్రసక్తే లేదు.

కృష్ణాతీరం: తెలుగులో మాత్రం 'దాయ' అంటే శత్రువు కూడా. దాని మీద విడిగా ఒక చర్చ పెడదాం.