రేణిగుంట ఎయిర్‌పోర్టుకు పెద్దవాళ్లతో: కోవూరు నుంచి వెళ్లడం ఎలా, రాత్రిపూట తిరిగి రావడం ఎలా?

కోవూరు టీచర్:
మా అమ్మానాన్నలు వచ్చే నెల ఢిల్లీలో తమ్ముడి దగ్గరికి వెళ్తున్నారు. మోకాలి ఆపరేషన్ అయ్యాక అమ్మకు రైలు మెట్లు ఎక్కడమే కష్టం, ఒక రోజుకు పైగా బెర్తు మీద కూర్చోవడం ఇంకా కష్టం. అందుకని ఈసారి రేణిగుంటలో విమానం ఎక్కి హైదరాబాద్‌లో మారేలా టికెట్లు తీశాం. వెళ్లేది మధ్యాహ్నం. వచ్చేటప్పుడు రేణిగుంటలో దిగేసరికి రాత్రి తొమ్మిదవుతుంది. నాకు బడిలో ఒక్కరోజే సెలవు దొరుకుతుంది కాబట్టి ఒకవైపే వెంట ఉండగలను. బస్సు మేలా, రైలా, కారా? ఆ రాత్రివేళ వాళ్లిద్దరే బయటికొస్తే నెల్లూరు వైపు ఏమైనా దొరుకుతుందా? నాన్నకు ఫోన్లో క్యాబ్ బుక్ చేయడం రాదు. దగదర్తి విమానాశ్రయానికి 2019లోనే శంకుస్థాపన చేశారు. అదే వచ్చుంటే మాకు ఇంత టెన్షన్ ఉండేది కాదు.

గూడూరు వాసి:
నేనైతే చెన్నైకే వెళ్తాను. ఢిల్లీకి నేరుగా విమానాలుంటాయి, మధ్యలో దిగి మారే పని లేదు. సెంట్రల్‌లో రైలు దిగితే మెట్రో బ్లూ లైన్ సరాసరి ఎయిర్‌పోర్టు దాకా వెళ్తుంది. కాకపోతే సెంట్రల్‌లో ప్లాట్‌ఫాం నుంచి మెట్రో దాకా నడక బాగానే ఉంటుంది. అమ్మగారి మోకాలి సంగతి చూసుకోండి.

మూలాపేట డ్రైవర్:
అక్కా, నాది సొంత బండి. నెల్లూరు నుంచి రేణిగుంట, చెన్నై రెండు వైపులా ట్రిప్పులు కొడుతుంటాను. టికెట్లు ఎలాగూ తీసేశారు కాబట్టి రేణిగుంట సంగతే చెప్తాను.

వెళ్లడం గురించి బెంగ పెట్టుకోకండి. వెంకటాచలం, బూదనం టోల్‌గేట్లు దాటాక నాయుడుపేట దగ్గర హైవే వదిలి కుడివైపు శ్రీకాళహస్తి రోడ్డు పట్టుకుంటే ఏర్పేడు మీదుగా రేణిగుంట. తిరుపతి ఊళ్లోకి పోనక్కర్లేదు. నెల్లూరు నుంచి సుమారు 130 కిలోమీటర్లు. రెండున్నర గంటల దారే, అయినా పెద్దవాళ్లతో మధ్యలో ఆగాలి, పైగా కౌంటర్ గంట ముందే మూసేస్తారు. కాబట్టి విమానం టైముకు ఐదు గంటల ముందే ఇల్లు వదలండి.

ఆలోచించాల్సింది వచ్చే రాత్రి గురించి. చిన్న ఎయిర్‌పోర్టు అక్కా. విమానం దిగిన జనమంతా ఒక్కసారే బయటికొస్తారు. "తిరుమలా? తిరుమలా?" అంటూ డ్రైవర్లు చుట్టుముడతారు. ఉన్న బండ్లన్నీ కొండకో తిరుపతికో కట్టేస్తారు, కాసేపటికే గేటు ముందు ఖాళీ. నెల్లూరు అంటే, రాత్రిపూట ఖాళీగా తిరిగి రావాలి గనక ఇష్టమొచ్చిన రేటు చెప్తారు. యాప్‌లో బుక్ చేసినా దూరం చూసి చాలామంది క్యాన్సిల్ కొడతారు. తిరుపతి నుంచి నెల్లూరుకు ఆర్టీసీ బస్సులున్నాయి, ఎలక్ట్రిక్ బస్సులు కూడా వేశారు. కానీ సామాన్లతో, ఆ మోకాలితో ఆటో ఎక్కి బస్టాండుకు పోయి, అక్కడ బస్సు కోసం నిలబడడం నాకు మనసొప్పదు. మా అమ్మనైతే పంపను.

అందుకని ఊరి నుంచే బండి మాట్లాడండి. అప్ అండ్ డౌన్ ఎన్ని కిలోమీటర్లకు లెక్క, టోల్, పార్కింగ్, బత్తా అందులోనే కలిసి ఉన్నాయా, విమానం లేటయితే ఎన్ని గంటల తర్వాత వెయిటింగ్ వేస్తారు, ఇవన్నీ బయల్దేరకముందే తేల్చుకోండి. ఫ్లైట్ నంబర్ డ్రైవర్‌కు పంపండి. హైదరాబాద్‌లోనే లేటయితే అతను ఫోన్లో చూసుకుని దానికి తగ్గట్టు బయల్దేరతాడు.

ఇంకో మాట. సీఎన్‌జీ బండి అయితే డిక్కీలో సిలిండర్ ఉంటుంది, రెండు పెద్ద సూట్‌కేసులు పట్టవు. ముందే అడగండి. డిజైర్ లాంటి వాటిలో సీటు కిందికి ఉంటుంది, మోకాలు బాగా వంచి కూర్చోవాలి, లేచేటప్పుడు నొప్పి. ఎర్టిగా లాంటిదైతే సీటు నడుముకు అందేంత ఎత్తులో ఉంటుంది, పక్కకు తిరిగి కూర్చోవచ్చు. అమ్మను ముందు సీట్లో కూర్చోబెట్టి సీటు వెనక్కి జరపమనండి. టికెట్‌లో వీల్‌చైర్ రాయించండి. అది తోసే మనిషి బయటిదాకా తీసుకొస్తాడు. అమ్మను దింపిన చోటికే బండి వచ్చేలా డ్రైవర్‌తో ముందే మాట్లాడుకోండి. కారు నంబర్, డ్రైవర్ నంబర్ కాగితం మీద పెద్దక్షరాలతో రాసి నాన్న చొక్కా జేబులో పెట్టండి. ఫోన్ చార్జింగ్ అయిపోయినా పని జరుగుతుంది.

ఒంగోలు ప్రయాణికుడు:
మా వైపు వాళ్లు చదువుతుంటే: ఒంగోలు నుంచి గన్నవరమే సుఖం. హైవే పక్కనే ఉంటుంది. రైల్లో విజయవాడ దాకా వెళ్లి అక్కణ్ణుంచి క్యాబ్ తీసుకుంటే ఇరవై కిలోమీటర్లు. విజయవాడలో రాత్రిపూట కూడా బండి దొరుకుతుంది.

కోవూరు టీచర్:
చాలా థ్యాంక్స్ అన్నా. సీటు ఎత్తు సంగతి నాకు తట్టనే లేదు. సెలవు వెళ్లే రోజు పెట్టుకోనా, వచ్చే రోజా?

మూలాపేట డ్రైవర్:
వెళ్లే రోజు పెట్టుకోండక్కా. మధ్యాహ్నం విమానం అంటే పొద్దున్నే బయల్దేరాలి, బడికి పోవడం కుదరదు. వచ్చే రోజు బడి వదిలాక ఐదింటికి కోవూరులో ఎక్కినా ఎనిమిదిన్నరకల్లా ఎయిర్‌పోర్టులో ఉంటారు. బండి ఎలాగూ ఖాళీగా పోవాల్సిందే, పోనూ రానూ కిరాయి మీరే ఇస్తారు. కాబట్టి మీరు కూర్చున్నందుకు రూపాయి ఎక్కువ కాదు. తేదీ శివరాత్రికో తిరుమల బ్రహ్మోత్సవాలకో దగ్గర పడితే మాత్రం బండి ఈ వారమే ఖాయం చేసుకోండి. ఆ రోజుల్లో శ్రీకాళహస్తి దగ్గర ఇంకో గంట అదనంగా పట్టొచ్చు, నాలుగింటికే బయల్దేరండి.